టారంటులాల డబ్బాలకు చెక్క అలమర: రాయగడ ఇంట్లో ఏ చెక్క, ఏ కొలత, ఏం జాగ్రత్త?

మీ ప్రశ్న ఇదీ: ఒడిశాలోని రాయగడలో అద్దె ఇల్లు. పెంచుకునే పది పెద్ద టారంటులాలు, అంటే ఒళ్లంతా వెంట్రుకలుండే పెద్ద సాలీళ్లు. వాటిలో నాలుగు బొరియల్లో ఉండేవి, నాలుగు చెట్టెక్కేవి, రెండు నేల మీద తిరిగేవి. ఇవి కాక చిన్న డబ్బాల్లో ఓ డజను పిల్లలు. అన్నిటినీ ఒకే అలమరలో సర్దాలి, వడ్రంగికి ఏం చెప్పి చేయించాలి?

కొలతల కంటే ముందు వడ్రంగికి ఒక మాట చెప్పండి: చెదల మందు పూయొద్దు. మన వైపు చెక్క పని అంటే చివర్లో పురుగుల నూనె ఒక చేయి కొట్టడం అలవాటు, అడక్కుండానే కొట్టేస్తారు. పురుగును చంపే మందు సాలీడునూ చంపుతుంది. వేపనూనె, కలరా ఉండలు, కర్పూరం వాసన వచ్చే చెక్క, ఏవీ వద్దు. విషం తగిలిన టారంటులా తడబడుతూ నడుస్తుంది, కాళ్లు అదురుతాయి, చివరికి కాళ్లన్నీ ఒంటి కిందకి ముడుచుకుపోతాయి. నీళ్లు చాలకపోయినా కాళ్లు ముడుస్తుంది కాబట్టి ముందు నీళ్ల గిన్నె దగ్గర పెట్టి చూడాలి గానీ, తడబాటూ అదురూ కలిసి వస్తే మందునే అనుమానించాలి.

ప్లైవుడ్ కొనేటప్పుడు కొట్టువాళ్లు మెరైన్ తీసుకోమంటారు. భారతీయ ప్రమాణం ఐఎస్ 710 కింద వచ్చే మెరైన్ ప్లైకి పురుగుల మందు పట్టించడం ఆ ప్రమాణంలోనే ఉంది. మీ అలమర నీళ్లలో నానేది కాదు, ఐఎస్ 303 బీడబ్ల్యూఆర్ (మరుగునీటిని తట్టుకునే) రకం చాలు. "బోరర్ ప్రూఫ్" (చెక్క తొలిచే పురుగు పట్టనిది) అని ముద్ర ఉన్నది పక్కన పెట్టి మామూలుది అడగండి. పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ చవకే గానీ ఒక్క వానాకాలం తడికే అంచులు ఉబ్బి స్క్రూలు వదిలేస్తాయి. చెక్క పలకలన్నిటికీ రెండు వైపులా సన్‌మైకా వేయించండి, అంచులకు బీడింగ్ కొట్టించండి. సన్‌మైకా అంటించడానికి ఘాటు వాసన వచ్చే పసుపు రబ్బరు జిగురు కాకుండా తెల్ల జిగురే వాడమని పట్టుబట్టండి. తెల్ల జిగురుకు రాత్రంతా బరువు పెట్టి ఉంచాలి కాబట్టి వడ్రంగి కాస్త విసుక్కుంటాడు.

ఇప్పుడు కొలతలు. 8×4 అడుగుల 18 మి.మీ. షీటు ఒక్కటే మీకు సరిపోతుంది. షీటు 2440×1220 మి.మీ. ఉంటుంది. దాన్ని పొడవునా 400 మి.మీ. వెడల్పు పట్టీలుగా మూడు కోయించండి, రంపం తినేది పోనూ మూడూ వస్తాయి. మొదటి రెండు పట్టీల్లో ఒక్కోదాన్నుంచి 1500 మి.మీ. నిలువుపలక ఒకటి, 900 మి.మీ. అడ్డపలక ఒకటి. మూడో పట్టీ నుంచి 900 మి.మీ. అడ్డపలకలు రెండు, 520 మి.మీ. ముక్క ఒకటి. మొత్తం రెండు నిలువు, నాలుగు అడ్డం, ఒక మధ్యగోడ. అలమర బయటి వెడల్పు 936, ఎత్తు కాళ్లు కాకుండా 1500. లోపల మూడు అరలు: కింద 520, మధ్య 480, పైన 428. నాలుగు అడ్డపలకల మందం 72 కలిపితే లెక్క సరిగ్గా 1500కి వస్తుంది.

ఈ ఎత్తులు బరువును బట్టి పెట్టినవి. 20×20×30 సెం.మీ. గాజు డబ్బా 4 మి.మీ. అద్దంతో మూడు కిలోలు దాటుతుంది. బొరియ తవ్వే వాటికి అందులో 20 సెం.మీ. మట్టి వేస్తారు, అంటే 8 లీటర్లు. మట్టీ కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి) కలిపిన తడి మిశ్రమం లీటరుకు కిలో చొప్పున చూసినా డబ్బా ఒక్కటి 11 కిలోలు. నాలుగూ కలిపి దాదాపు 45. ఇవి కింది అరలోనే ఉండాలి, మధ్యగోడకు అటు రెండు, ఇటు రెండు. ఆ 520 మి.మీ. మధ్యగోడ పై పలకకు ఊతం కూడా అవుతుంది. కింది పలకకు సరిగ్గా దాని అడుగునే అయిదో కాలు వేయించండి. నాలుగు మూలల కాళ్లతో సరిపెడితే మధ్యలో దిగిపోతుంది.

చెట్టెక్కే వాటికి అడుగున అయిదు సెం.మీ. మట్టి చాలు, డబ్బా అయిదారు కిలోలే. నాలుగూ మధ్య అరలో పడతాయి. నేల మీదివి రెండు 30×30 డబ్బాలు, పిల్లల కోసం 25 సెం.మీ. వెడల్పు ట్రే ఒకటి, ఇవి పై అరకు. పై అర పలకకు మధ్యలో ఊతం లేదు. పలక ఒంగడం దాని పొడవు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. అదే బరువుకు పొడవు సగమైతే వంపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, పలక మందం 18 నుంచి 12కి తగ్గిస్తే మూడింతలకు పైగా పెరుగుతుంది. ఖర్చు తగ్గించుకుందామని 12 మి.మీ. ప్లై పెట్టించినవాళ్లకు ఏడాది తిరిగేసరికి స్లైడింగ్ అద్దాలు కదలకపోవడానికి కారణం ఇదే. పై అర పలక అడుగున ముందూ వెనకా 40×25 మి.మీ. సాల్ చెక్క బద్దె నిలువుగా కొట్టిస్తే దిగదు. బద్దె బాగా ఆరినదై ఉండాలి, పచ్చి సాల్ మెలి తిరుగుతుంది.

స్క్రూలు 8 నంబర్, 50 మి.మీ. ముందుగా 3 మి.మీ. బెజ్జం వేయకుండా ప్లై అంచులోకి స్క్రూ దింపితే పొరలు విచ్చుకుంటాయి. నల్ల జిప్సం స్క్రూలు బరువుకు పుటుక్కున విరుగుతాయి, వద్దు. ప్రతి అడ్డపలక కింద రెండు చివర్లా 20×20 బద్దె ఆనింపు ఉండాలి, స్క్రూల మీదే బరువంతా వేయకూడదు.

వెనక భాగం పూర్తిగా మూసేస్తే గాలి ఆడదు. పూర్తిగా వదిలేస్తే అలమర పక్కకు ఒరిగి నలుచదరం పోతుంది. అందుకని 6 మి.మీ. ప్లై మూడు ముక్కలుగా, అరకొకటి చొప్పున వేయించి, ప్రతి అరకూ పైన అయిదు, కింద అయిదు సెం.మీ. ఖాళీ వదలండి. ఆ ఖాళీలకు స్టీలు జాలీ. బల్లులు, బొద్దింకలు అటునుంచే దూరతాయి. ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. మలేరియా ఎక్కువగా ఉండే మన జిల్లాల్లో ప్రభుత్వం ఇచ్చే దోమతెరల దారానికే మందు పట్టించి ఉంటుంది, డెల్టామెత్రిన్ లాంటి పైరెత్రాయిడ్. పాత తెర ముక్క కత్తిరించి జాలీగా కొట్టడం ఊళ్లలో మామూలే. కిటికీకి పనికొస్తుందేమో గానీ ఈ అలమరకు మాత్రం పొరపాటున కూడా వాడొద్దు.

డబ్బాల మూతలకైతే స్టీలు జాలీ కూడా వద్దు. పైకెక్కిన టారంటులా కాలి గోళ్లు కన్నాల్లో చిక్కుకుంటాయి, వేలాడి పెనుగులాడి కాలు ఊడగొట్టుకుంటుంది, లేదా కింద పడుతుంది. నేల మీద తిరిగే బరువైన రకాలకు ఓ మోస్తరు ఎత్తు నుంచి పడ్డా పొట్ట చిట్లుతుంది. అందుకే వాటి డబ్బాలో మట్టి నుంచి మూతకు ఎత్తు, సాలీడు కాళ్లు చాచిన పొడవుకు ఒకటిన్నర రెట్లు మించకూడదు. మూతకు యాక్రిలిక్ పెట్టి 2 మి.మీ. కన్నాలు వేయించండి, పిల్లలకు ఇంకా సన్నవి. డబ్బాకూ డబ్బాకూ మధ్య రెండు మూడు సెం.మీ. సందు ఉండాలి. పక్క కన్నాలు ఒకదానికొకటి ఆనుకుంటే జులై, ఆగస్టుల్లో కోకోపీట్ బూజు పడుతుంది, ఆ వెనకే చిన్న ఈగలు, పురుగులు. ఆ నెలల్లో మట్టి తడపడం తగ్గించి నీళ్ల గిన్నె మాత్రం నింపి ఉంచితే చాలా రకాలకు సరిపోతుంది.

మూత పైకి తెరుచుకునే డబ్బా అయితే పైన కనీసం 15 సెం.మీ. చేయి పెట్టే ఖాళీ కావాలి. లేకపోతే మెతుకంత పని కోసం డబ్బా బయటకు లాగాల్సి వస్తుంది, లాగినప్పుడల్లా అది బెదురుతుంది. చెట్టెక్కే వాటి డబ్బాలు ముందు తలుపువి తీసుకోండి. తలుపు తెరిచినప్పుడు అవి మెరుపులా బయటికి వస్తాయి కాబట్టి నడుం ఎత్తు దగ్గర ఉండాలి, తల పైన కాదు. కాళ్లు కలుపుకుంటే మధ్య అర సరిగ్గా ఆ ఎత్తుకే వస్తుంది. అమెరికా ఖండాల నుంచి వచ్చిన చాలా రకాలు వెనక కాళ్లతో పొట్ట మీది నూగు రాల్చి విసురుతాయి. అది కంట్లో పడితే వారాల తరబడి బాధ. వాటిని పై అరలో పెట్టినా మూత తీసేటప్పుడు స్టూలు వేసుకుని పైనుంచి చూడండి, మొహం దగ్గర పెట్టొద్దు.

అలమర ముందు 5 మి.మీ. అద్దాలు, అరకు రెండు చొప్పున అల్యూమినియం ఛానెల్‌లో జరిగేవి. ఒక్కో అద్దం 460 మి.మీ. వెడల్పు, మధ్యలో కాస్త ఒకదాని మీద ఒకటి రావాలి. తిరిగే తలుపులు వద్దనడానికి కారణం అదురు. టారంటులా ప్రపంచమంతా ఒంటి వెంట్రుకలకు తగిలే కంపనమే, టపామని పడ్డ తలుపు దానికి పెద్ద దెబ్బ. ఫ్రిజ్, మిక్సీ ఉన్న గోడకు కూడా ఆనించొద్దు. షోకేసులకు వాడే పళ్లపట్టీ తాళం ప్రతి అరకూ వేయించండి. ఇంట్లో పిల్లలుంటే ఇది తప్పనిసరి.

గోడ నుంచి పది సెం.మీ. ఎడం ఉంచండి. గాలికే కాదు, దోమల మందు కొట్టేవాళ్లు వస్తారు కాబట్టి. గోడలకు కొట్టే ఆ పొర నెలల తరబడి పనిచేయడానికే ఉద్దేశించింది. అలమర ఉన్న గదిని వదిలేయమని ముందుగానే చెప్పి ఉంచండి. ఒప్పుకోకపోతే డబ్బాలు ఇంకో ఇంటికి తరలించడమే మార్గం. పైనుంచి గుడ్డ కప్పితే సరిపోదు. ముందుకు పడకుండా గోడకు ఒక్క కొక్కెం చాలు, తీసి పక్కకు జరిపే వీలుండాలి. దోమల కాయిల్, ప్లగ్‌కు పెట్టే లిక్విడ్, చీమల చాక్‌పీసు ఆ గదిలో నిషేధం. ఇంట్లో వాళ్లందరికీ అర్థమయ్యేలా చెప్పకపోతే పండగకు వచ్చిన చుట్టమొకరు కాయిల్ వెలిగించేస్తారు.

చాక్‌పీసు లేకుండా చీమలెలా ఆగుతాయంటారా? పాతకాలం గూటి అలమరలకు చేసినట్టే. ఇనుప కాళ్లు పెట్టించి ఒక్కోటి నీళ్ల గిన్నెలో దించండి. నీళ్ల మీద చెంచాడు వంటనూనె వేస్తే దోమలు పెరగవు. గిన్నెను దాటించే వంతెన ఏదైనా ఉందా చూడండి: వైరు, కర్టెన్ అంచు, గోడ కొక్కెం. కొక్కేనికి చుట్టూ పెట్రోలియం జెల్లీ రాయండి. టారంటులా మీద చీమల దండు పడితే ఒక్క రాత్రి చాలు. కుబుసం విడిచేటప్పుడు అయితే అది కదలను కూడా కదలలేదు.

ఎండాకాలం సంగతి. ఇరవై రెండు నుంచి ఇరవై ఎనిమిది డిగ్రీలు హాయి, 35 దాటితే ప్రమాదం. పై అర కింది అర కన్నా రెండు మూడు డిగ్రీలు వేడిగా ఉంటుంది. రేకుల ఇల్లయితే ఏప్రిల్, మే నెలల్లో పై అర ఖాళీ చేసి ఆ డబ్బాలను నేల మీదికి దించేయండి. మహారాష్ట్రలో మరీ వేడిగా ఉండే సిరొంచ, చంద్రపూర్ వైపు ఉన్నవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. కరెంటు పోయినప్పుడు గడ్డకట్టిన నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పై అరలో పెడితే చల్లగాలి కిందకి దిగుతుంది. ఎల్ఈడీ పట్టీ కావాలంటే వేయించుకోండి గానీ దాని డ్రైవరు (దానికి కరెంటు ఇచ్చే, వేడెక్కే డబ్బా) అలమర బయట ఉండాలి.

రాయగడలో చలికాలం హీటరు లేకుండానే గడిచిపోతుంది. కొరాపుట్, సెమిలిగుడ పీఠభూమి మీద మాత్రం కావాలి. డబ్బా అడుగున హీట్ మ్యాట్ వద్దే వద్దు. వేడి తగిలితే టారంటులా చల్లదనం కోసం కిందికి తవ్వుతుంది, కింద ఇంకా వేడి. 60 నుంచి 80 వాట్ల హీటింగ్ కేబుల్ పక్కపలకకు బిగించి, థర్మోస్టాట్ సెన్సరు మధ్య అర గాలిలో వేలాడదీసి 24 దగ్గర పెట్టండి. థర్మోస్టాట్ లోపలి స్విచ్చు (రిలే) ఇరుక్కుపోతే కేబుల్ ఆగకుండా వేడెక్కుతూనే ఉంటుంది, వాటేజీ తక్కువ పెట్టమనేది అందుకే. ఫిబ్రవరి చివర్లో ప్లగ్ పీకేయండి.

ఒక సంగతి మీరు అడగలేదు గానీ చెప్పాలి. బ్రాకీపెల్మా, పెసిలోథీరియా రకాల టారంటులాలు సైట్స్ (వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి. 2022 వన్యప్రాణి చట్ట సవరణ తర్వాత అలాంటి జీవాలను ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి, కాగితాలు లేకపోతే ముందు ఆ పని చూసుకోండి. తూర్పు కనుమల చెట్ల తొర్రల్లోంచి పట్టి తెచ్చిన సాలీడుకు ఈ అలమరలో చోటు లేదు. గుత్తి పేరుతో పిలిచే నీలి టారంటులా ఇప్పటికే అంతరించే దశలో ఉంది.

పని పూర్తయ్యాక అద్దాలు తీసి మూడు నాలుగు వారాలు గాలికి వదిలేయండి. తర్వాత ఒక రోజంతా మూసి తెరవండి. ముక్కుకు ఘాటు తగిలితే ఇంకా ఆగాలి. వాసన పోయాక కూడా సాలీళ్లను వెంటనే పెట్టొద్దు. మేతకు వాడే మిడతలనో బొద్దింకలనో కన్నాలున్న చిన్న డబ్బాల్లో అరకొకటి చొప్పున పెట్టి, తిండీ తడీ ఇస్తూ వారం చూడండి. బయట గదిలో కూడా అలాంటిదే ఒక డబ్బా ఉంచండి. అలమరలోవి మాత్రమే చస్తే చెక్కలోనో జిగురులోనో మందు ఉన్నట్టు. రెండుచోట్లా చస్తే గదిలోనే ఎక్కడో ఉంది, అది దొరికేదాకా సాలీళ్లను టేబుళ్ల మీద కూడా ఉంచకుండా వేరే గదికి మార్చేయండి.