డీఎస్పీ అవుతున్న శ్రావణికి పెద్దమ్మ ఉత్తరం

బిడ్డా శ్రావణీ,

గ్రూప్-1లో నీకు డీఎస్పీ వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేస్తే ఆ మాట మూడుసార్లు చెప్పించుకుని విన్నాను. మన ఇంట్లో ఆడపిల్ల ఖాకీ వేసుకోవడం ఇదే మొదలు. ఆ సంబురంలో ఉండగానే మీ తమ్ముడు సన్మానం వీడియో పంపాడు. మైకు పట్టుకుని "నేను ఉన్నచోట నేరం చేయాలంటేనే వణకాలి" అన్నావు. చప్పట్లు మోగాయి. నాకు మాత్రం ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు.

నువ్వన్నది తప్పని కాదు. ఆ వణుకు ఎక్కడ పుడుతుందని నువ్వు అనుకుంటున్నావో, అదే నా దిగులు. ఫోన్లో చెప్తే సగం వింటావు, అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

శిక్షకు భయపడి జనం నేరం మానేస్తారా అంటే, మానేస్తారు. కానీ శిక్ష ఎంత పెద్దదని కాదు, తాను దొరుకుతానా లేదా అని చూసుకుని మానేస్తారు. 1764లోనే ఇటలీ పండితుడు బెకారియా ఈ మాట చెప్పాడు, నీ సిలబస్‌లో చదివే ఉంటావు. దానికి గట్టి రుజువు డెన్మార్క్‌లో దొరికింది. 1944 సెప్టెంబర్‌లో జర్మన్ సైన్యం ఆ దేశపు పోలీసులను మూకుమ్మడిగా అరెస్టు చేసింది. చట్టాల్లో శిక్షలేమీ తగ్గలేదు. పట్టుకునేవాళ్లు లేరు, అంతే. దోపిడీలు ఎన్నో రెట్లు పెరిగాయి. కంపెనీలో డబ్బు కాజేయడం లాంటివి మాత్రం అట్లా పెరగలేదు, ఎందుకంటే వాటిలో ఎవరు చేశారో పోలీసులు లేకపోయినా తెలిసిపోతుంది. కెనడా 1976లో ఉరి రద్దు చేసింది. అప్పటికి లక్ష మందికి 3 దగ్గర ఉన్న హత్యల రేటు ఆ తర్వాత పెరగలేదు సరికదా, 2 కంటే కిందికి దిగింది. ఉరి తీసేయడం వల్లే తగ్గిందని నేను అనను, నువ్వూ అనకు. ఉరి లేకపోతే హత్యలు విరుచుకుపడతాయన్న మాట మాత్రం అక్కడ నిలవలేదు.

మన దగ్గరికి వద్దాం. గట్టు తగాదాలో గొడ్డలి ఎత్తినవాడు, తాగొచ్చి పెళ్లాం గొంతు పట్టినవాడు సెక్షన్ నంబరు తలచుకోడు. వాళ్లమీద ఉరి భయం పనిచేయదు. సుపారీ తీసుకునేవాడు, భూమి కోసం మనిషిని మాయం చేసేవాడు, ఏజెన్సీ నుంచి గంజాయి దాటించేవాడు ఆలోచిస్తాడు. అతను వేసే లెక్క కూడా ఒకటే: పట్టుబడితే కేసు నిలుస్తుందా? గంజాయి 20 కిలోలు దాటితే కనీసం పదేళ్లు. అయినా బస్తాలు ఆగలేదు, పట్టుబడేది మోసేవాళ్లు, పెట్టుబడి పెట్టినవాడు కాదు కాబట్టి. దేశంలో తీర్పు దాకా వచ్చిన హత్య కేసుల్లో సగం కంటే తక్కువే శిక్షతో ముగుస్తున్నాయి. అత్యాచారం కేసుల్లో మూడో వంతు కూడా లేవు. నేరగాడికి ధైర్యం ఇచ్చేవి ఈ అంకెలే. నీ పని వాటిని మార్చడం.

ఇక నా అసలు భయం.

2008 డిసెంబర్ 10న వరంగల్‌లో స్కూటీ మీద ఇంటికి పోతున్న ఇద్దరు ఇంజనీరింగ్ అమ్మాయిల మీద యాసిడ్ పోశారు. మూడు రోజులు తిరగకుండానే ముగ్గురు నిందితులు ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. స్వీట్లు పంచుకున్నారు, పోలీసులకు దండలు వేశారు. ఇక ఎవడూ ఆడపిల్ల జోలికి పోడని ప్రతి ఇంట్లో అన్నారు. ఆ అమ్మాయిల్లో ఒకరు ఆ నెలాఖరుకే కన్నుమూశారు. యాసిడ్ మాత్రం దుకాణాల్లో మామూలుగానే దొరికింది. అమ్మకాన్ని కట్టడి చేయమని సుప్రీంకోర్టు ఆదేశించింది 2013లో. ఆ ఐదేళ్లూ మనం భయం పుట్టిందని నమ్మి కూర్చున్నాం. సీసా ఎక్కడ కొన్నారు, ఎవరు అమ్మారు అన్నది విచారణలో బోనెక్కి చెప్పాల్సిన సంగతి. విచారణే లేకపోయింది.

పదకొండేళ్ల తర్వాత శంషాబాద్. 2019 నవంబర్ 27 రాత్రి ఇంటికి పోతున్న ఒక పశువైద్యురాలి మీద అత్యాచారం చేసి చంపారు. డిసెంబర్ 6 తెల్లవారకముందే చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. వంతెన మీద నుంచి పూలు చల్లారు. 2008లో పుట్టిందన్న భయం నిజంగా పుట్టి ఉంటే ఆ నవంబర్ రాత్రి ఆ బిడ్డ ఇంటికి చేరేది. ఈ ఒక్క వాక్యం నీ డైరీలో మొదటి పేజీలో రాసుకో శ్రావణీ. తర్వాత ఏమైంది? సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్, ఆయుధాలు లాక్కున్నారన్న పోలీసుల కథనాన్ని నమ్మలేదు. చంపాలనే కాల్చారని, పది మంది పోలీసుల మీద హత్య కేసు నడపాలని చెప్పింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని తేల్చింది. కాల్చాక వయసు సరిచూసుకుని ఏం లాభం? ఆ బిడ్డకు ఏం జరిగిందో సాక్ష్యం మీద సాక్ష్యంగా తేలాల్సిన విచారణ ఇక ఎప్పటికీ జరగదు.

అదే వారం ఇంకో కేసు ఉంది, నీ తోటివాళ్లను అడిగితే సగం మందికి గుర్తుండదు. నవంబర్ 24న ఆసిఫాబాద్ జిల్లాలో, ఊరూరా తిరిగి చిన్న సరుకులు అమ్ముకునే దళిత మహిళను అత్యాచారం చేసి చంపారు. ఆమెకు సమత అని పేరు పెట్టారు. మూడు వారాల్లో ఛార్జిషీటు వేశారు. 2020 జనవరి 30న ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టు ముగ్గురినీ దోషులని తేల్చి ఉరిశిక్ష వేసింది. శిక్ష ఉరి కావాలా, యావజ్జీవమా అని మనిద్దరం పోట్లాడుకోవచ్చు. నేరం రుజువైంది, అది కాగితం మీద ఉంది. చటాన్‌పల్లికి పూలు తీసుకుపోయినవాళ్లు ఆదిలాబాద్‌కు ఎందుకు పోలేదని నాకు ఇప్పటికీ బాధ. 2019 డిసెంబర్‌లోనే పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో దిశ బిల్లు పాస్ చేశారు: అత్యాచారం కేసుల్లో ఏడు పనిదినాల్లో దర్యాప్తు, పద్నాలుగు పనిదినాల్లో విచారణ. రాష్ట్రపతి ఆమోదం రాలేదు. వచ్చినా, ల్యాబులు, నిపుణులు, జడ్జీలు సరిపడా లేకుండా గడువు ఒక్కటే ఏం చేస్తుంది?

రేపు ఎవరైనా పెద్ద అధికారి నీతో "జనం కోరుకుంటున్నారు, ముందుండి నడిపించు" అంటే, కుదరదని చెప్పు. నోటిమాట ఆదేశమైతే రాతలో ఇమ్మని అడుగు. నీ కస్టడీలో ఉన్న మనిషిని నేరం ఎట్లా జరిగిందో అక్కడే చేసి చూపించే సీన్ రీకన్‌స్ట్రక్షన్‌కు రాత్రిపూట తీసుకుపోవద్దు. తప్పనిసరైతే పగలు, వీడియోతో, కారణం కేస్ డైరీలో రాసి. ఎన్‌కౌంటర్ మరణం జరిగితే ఎఫ్‌ఐఆర్ కట్టాలని మన హైకోర్టు 2009లోనే చెప్పింది, 2014లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్లెవరూ నీతో కమిషన్ ముందుకు రారు బిడ్డా. మీ అమ్మా నేనూ వస్తాం, కానీ మమ్మల్ని ఆ మెట్లు ఎక్కించకు.

కోప్పడ్డానని ముఖం ముడుచుకోకు. ఇప్పుడు పని చెప్తాను.

ఎఫ్‌ఐఆర్ ఆలస్యం చేయకు, ఆలస్యమైతే కారణం అందులోనే రాయించు. మేజిస్ట్రేటుకు కాపీ ఎన్ని గంటలకు చేరిందో చూసుకో. హద్దు మాది కాదని ఎవరినీ తిప్పి పంపకు, ఏ స్టేషన్‌లోనైనా కట్టగల జీరో ఎఫ్‌ఐఆర్ ఉంది.

సంఘటన స్థలంలో క్లూస్ టీం కంటే ముందు ఎవరూ అడుగు పెట్టకూడదు, నువ్వు కూడా. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాలకు ఫోరెన్సిక్ నిపుణులు రావాలని కొత్త నాగరిక సురక్షా సంహితే చెప్తోంది. రక్తం అంటిన బట్టను తడిగా ప్లాస్టిక్ కవర్లో వేస్తారు, ఎన్ని కేసులు అక్కడే చచ్చిపోతాయో చెప్పలేను. తేమకు బూజు పట్టి డీఎన్‌ఏ పాడవుతుంది. నీడలో ఆరబెట్టాలి, కాగితం కవర్లో పెట్టాలి, ఒక్కో వస్తువుకు ఒక్కో కవర్. ముద్దాయి బట్టలు, బాధితురాలి బట్టలు ఒకే టేబుల్ మీద పరిచారంటే డిఫెన్స్ లాయరుకు అదొక్కటే చాలు. సీల్ వేసిన రోజు నుంచి ఫోరెన్సిక్ ల్యాబ్‌కు (ఎఫ్‌ఎస్‌ఎల్) చేరిన రోజు వరకు ఆ కవర్ ఎవరి చేతిలో ఉందో ప్రాపర్టీ రిజిస్టర్‌లో ప్రతి చేతికీ సంతకం ఉండాలి. మధ్యలో పది రోజులు ఖాళీ కనిపిస్తే ఎంత మంచి రిపోర్టు అయినా అనుమానం కిందికి పోతుంది.

సీసీటీవీ మొదటి రోజే తీసుకో. చాలా షాపుల్లో రెండు వారాలకో నెలకో పాతది చెరిగిపోతుంది. కెమెరా రికార్డరు (డీవీఆర్) గడియారం నీ గడియారం కంటే ఎంత ముందో వెనకో పంచనామాలో రాయించు. ఏడు నిమిషాల తేడా ముద్దాయిని ఇంకో ఊళ్లో నిలబెట్టగలదు. సాక్ష్య అధినియం 63 కింద సర్టిఫికెట్, ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువతో సహా, అప్పుడే తీసుకో. ఏడాది తర్వాత షాపువాడు ఉండడు.

ముద్దాయి పోలీసుకు చెప్పిన ఒప్పుకోలు చెల్లదు, దానివల్ల దొరికిన వస్తువుకు సంబంధించినంత మేరకే చెల్లుతుంది. కాబట్టి పంచనామాకు సాక్షులైన పంచులు ముందే కూర్చోవాలి, తర్వాత అతను చెప్పాలి, ఆ తర్వాత వస్తువు దొరకాలి. కత్తి దొరికాక పంచులను పిలిచి వెనక తేదీ వేయించే అలవాటు నీ స్టేషన్‌లో ఉంటే మొదటి వారమే మాన్పించు. పోలీసులు వెంటబెట్టుకు తిరిగే ఆ ఇద్దరు ముగ్గురినే ప్రతి కేసులో పంచులుగా పెట్టనివ్వకు. గుర్తింపు పరేడ్ అవసరమైతే ప్రెస్‌మీట్‌లో ముఖం చూపించకు. టీవీలో చూసిన ముఖాన్నే సాక్షి గుర్తుపట్టాడంటే కోర్టు ఏం చేస్తుంది?

అత్యాచారం కేసులో వైద్య పరీక్ష 24 గంటల్లో, దర్యాప్తు రెండు నెలల్లో. ఆ అమ్మాయిని స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టకు. ఆమె ఇంటికి నువ్వే వెళ్లు, వీలైతే మామూలు బట్టల్లో. నూటికి తొంభైకి పైగా కేసుల్లో నిందితుడు తెలిసినవాడే: మేనమామ, పక్కింటాయన, ట్యూషన్ సారు. పన్నెండేళ్లలోపు పాపకైతే 2018 నుంచి ఉరి కూడా పడొచ్చు. అది తెలిసిన కుటుంబం "వాడు మనవాడే కదా, ప్రాణం పోతుంది" అని పాప నోరు మూయిస్తుంది. పాప బతికి ఉంటే సాక్షి అవుతుందన్న ఆలోచన నేరగాడికీ వస్తుంది. శిక్ష పెంచితే ఎవరు భయపడతారో ముందుగా లెక్కేసుకో, చాలాసార్లు భయపడేది ఫిర్యాదు చేయాల్సినవాళ్లు.

ఛార్జిషీటుకు నేరాన్ని బట్టి 60 రోజులు, 90 రోజులు. దాటితే బెయిల్ ముద్దాయి హక్కు. క్యాలెండర్ మీద ఎర్ర ఇంకుతో గీసుకో. ఛార్జిషీటు వేశాక కేసు అయిపోయిందనుకోకు, అప్పుడే మొదలు. సాక్షి కోర్టులో మాట మార్చి హోస్టైల్ అయ్యాడని ఎస్ఐలు విసుక్కుంటారు. రెండేళ్లలో అతనికి ఒక్క ఫోనైనా చేశారా? కోర్టు డ్యూటీకి తెలివైన కానిస్టేబుల్‌ను వెయ్యి, పనికిరాడని పక్కన పెట్టినవాణ్ని కాదు. బెదిరింపు ఉంటే 2018 సాక్షుల రక్షణ పథకం కింద దరఖాస్తు నువ్వే పెట్టించు.

నీ డివిజన్‌లో కేసుల సంఖ్య పెరిగితే కంగారుపడి నమోదు ఆపించకు. 2012లో దేశంలో 24,923 అత్యాచారం కేసులు నమోదయ్యాయి, 2013లో 33,707. ఒక్క ఏడాదిలో మగవాళ్లు అంతగా మారిపోలేదు, చెప్పుకునే ధైర్యం పెరిగింది. నెలవారీ రివ్యూలో ఈ మాట చెప్పడానికి గుండె కావాలి. నీకు ఉంది.

ఇక హిమాయత్‌సాగర్ పోలీస్ అకాడమీలో నీకు తెల్లవారుజామున పరుగులు. మోకాలు నొప్పి దాచకు, చిన్నప్పుడు సైకిల్ మీంచి పడ్డ ఆ ఎడమ కాలే. కాటన్ సాక్సులు నాలుగు జతలు, కారప్పొడి డబ్బా మీ అమ్మతో పంపుతున్నాను. ఆదివారం ఫోన్ ఇస్తారట కదా. ముందు అమ్మకు చెయ్యి, తర్వాత నాకు. మొదటి పోస్టింగ్ ఎక్కడో తెలిసిన రోజు మాత్రం ముందు నాకే చెప్పు, అక్కడి ప్రాపర్టీ రూమ్‌కు ఎలుకలు రాని తలుపు ఉందో లేదో అడగాలి.

మీ పెద్దమ్మ