యాపిల్ తింటే నోరు దురద, కేక్ తింటే ఏమీ లేదు!

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను స్టాక్‌హోం వచ్చి ఆరేళ్లయింది. రెండేళ్లుగా ఏప్రిల్ చివర్లో మొదలై మే అంతా ఒకటే తుమ్ములు, కళ్ల దురద. ఇప్పుడు కొత్తగా యాపిల్ కొరికితే చాలు పెదాలు, నాలుక, గొంతు, చెవుల లోపల కూడా దురద పెట్టి పావుగంటకి తగ్గిపోతుంది, పచ్చి క్యారెట్‌కీ నానబెట్టిన బాదంకీ కూడా అంతే. కానీ అదే యాపిల్‌తో చేసిన కేక్ తింటే ఏమీ కాదు. ఏలూరులో ఉన్నప్పుడు యాపిల్ తినని వారం లేదు. అమ్మేమో పళ్ల మీద కొట్టే మందుల వల్లే అంటోంది. పళ్లన్నీ మానేయాలా?
- ఒక సోదరి, స్వీడన్

జవాబు: మానక్కర్లేదమ్మా. అమ్మగారి అనుమానం సహజమే, కానీ అసలు క్లూ మీరు చెప్పిన ఆ కేక్‌లోనే ఉంది.

మీ తుమ్ములకి కారణం చాలావరకు బర్చ్ చెట్టు పుప్పొడి అయ్యుంటుంది. మీ ఊళ్లో పార్కుల్లో తెల్ల బెరడుతో కనిపించేది అదే. మనకి మరీ పరాయి చెట్టేం కాదు, పూర్వం రాతకి వాడిన భూర్జపత్రం హిమాలయాల్లో పెరిగే దీని చుట్టం బెరడే, కాకపోతే ఏలూరులో అది లేదు కాబట్టి అప్పట్లో యాపిల్ మిమ్మల్ని ఏమీ చేయలేదు. అక్కడికెళ్లి నాలుగైదు వసంతాలు ఆ పుప్పొడి పీల్చాక ఒంట్లో దాని మీద యాంటీబాడీలు తయారయ్యాయన్నమాట.

ఆ పుప్పొడిలో ఎలర్జీ తెచ్చే ముఖ్యమైన ప్రోటీన్ పేరు బెట్ వి 1. 1989లో ఆస్ట్రియా సైంటిస్టులు దాని జీన్‌ని బయటపెట్టినప్పుడు అది బఠాణీ మొక్క తెగులుని తట్టుకోడానికి వాడే జీన్‌లా ఉందని తేలింది. అంటే మొక్కలు తమని తాము కాపాడుకోడానికి తయారు చేసుకునే ప్రోటీన్ల కుటుంబం ఇది, అందుకే ఎక్కడో ఉన్న యాపిల్, క్యారెట్, బాదంలో కూడా దీని తోబుట్టువులున్నాయి. యాపిల్‌లో ఉన్నదాన్ని మాల్ డి 1 అంటారు, బర్చ్‌దానితో 60 శాతం పైనే కలుస్తుంది, ఆకారం దాదాపు ఒకటే. మీ యాంటీబాడీలు కవలల్లో ఒకర్ని చూసి ఇంకొకరనుకున్నట్టు యాపిల్‌ని చూసి బర్చ్ అనుకుంటున్నాయి, అంతే!

ఈ ప్రోటీన్ వేడికి తట్టుకోదు, ఆకారం చెదిరిపోతుంది, అందుకే కేక్ మిమ్మల్ని ఏమీ అనలేదు. కడుపులోకి వెళ్లినా త్వరగా అరిగిపోతుంది కాబట్టి దురద నోటి దగ్గరే ఆగుతుంది. సో క్యారెట్ వేపుడు, ఉడికించిన యాపిల్ హాయిగా తినండి, పడుతున్న పళ్లు ఒక్కటి కూడా మానొద్దు. బాదం లాంటి గింజలు మాత్రం వేయించినా నమ్మడానికి లేదు, డాక్టర్‌ని అడిగాకే తినండి.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్తున్నా. సోయా పాలు, సోయా ప్రోటీన్ పౌడర్ జోలికి పోవద్దు. సోయాలోనూ ఇలాంటి ప్రోటీనే ఉంది, ఒకేసారి గ్లాసుడు తాగేస్తాం కాబట్టి బర్చ్ ఎలర్జీ ఉన్నవాళ్లకి రియాక్షన్ తీవ్రంగా వచ్చిన కేసులున్నాయి. ఎప్పుడైనా దురద నోరు దాటి ఒళ్లంతా దద్దుర్లు, వాంతులు, ఆయాసం, కళ్లు తిరగడం వస్తే ఆగకుండా 112కి ఫోన్ చేయండి. ఇంకోటి, ఉడికించిన పండుకి కూడా రియాక్షన్ వస్తే అది ఈ కథ కాదు, వేడికి చెదరని ఎల్‌టీపీ అనే వేరే ప్రోటీన్ కావచ్చు, అది ప్రమాదకరం. ఎలర్జీ డాక్టర్‌ని కలిసి బెట్ వి 1కి రక్తపరీక్ష చేయించుకుంటే ఏది ఏదో తేలిపోతుంది.

ప్రశ్న: విజయవాడలో నర్సుగా చేస్తున్నా. రబ్బరు గ్లౌజులు వేసుకుంటే చేతులకి దద్దుర్లు, ఈమధ్య అరటిపండు తిన్నా నోరు దురద. సంబంధం ఉందా సార్?

జవాబు: ఉండొచ్చమ్మా. రబ్బరు కూడా చెట్టు పాలే కదా, అందులోని హెవీన్ అనే ప్రోటీన్‌ని పోలిన భాగం అరటి, కివీ, అవకాడోల్లో ఉంటుంది. గ్లౌజుల్లోని కెమికల్స్ వల్ల వచ్చే దద్దుర్లు వేరు, టెస్టులో తెలుస్తుంది. అప్పటిదాకా చెట్టు రబ్బరు లేని నైట్రైల్ గ్లౌజులు అడిగి తీసుకోండి, పంటి వైద్యానికైనా ఆపరేషన్‌కైనా వెళ్తే లాటెక్స్ (అంటే ఈ చెట్టు రబ్బరే) పడదేమోనని అనుమానం ఉందని ముందే చెప్పండి.