ముత్తాత మిలటరీ జాడ వెతికే బిడ్డకు

చిరంజీవికి,

మీ ముత్తాత "మిలటరీల జేసిండు" అన్న మాట తప్ప ఇంట్లో కాగితం ముక్క లేదని రాసినవు. ఎక్కడ మొదలుపెట్టాలె అని అడిగినవు. నెట్‌లో ఆయన పేరు కొట్టి వెతకడంతో మాత్రం మొదలుపెట్టకు. మన దిక్కు ఒక్క తాలూకాలోనే ఒకే పేరు ఎంతోమందికి ఉంటది, పల్టన్ (సైనిక దళం) కాగితాల్లో ఇంటిపేరు చాలాసార్లు రానే రాదు. తండ్రి పేరు, ఊరు, ఏడాది చేతికొస్తేనే సైనిక రికార్డు పలుకుతది. అందుకని ముందు భూమి కాగితం, తర్వాత నక్షా (మ్యాపు), ఆ తర్వాతే పల్టన్.

1954-55 ఖాస్రా పహాణీ, అంటే పొలాలవారీ భూమి రిజిస్టరు, నకలు తీయించు. తహసీల్దార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టు, అక్కడ లేదంటే కలెక్టరేట్ రికార్డు రూములో అడుగు. పట్టాదారు పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు, ఎకరాలు గుంటల్లో విస్తీర్ణం అందులో ఉంటయి. ఇంకో తరం వెనక్కి పోవాలంటే సేత్వార్, అంటే పాత సర్వే నాటి భూమి రిజిస్టరు, చూడాలె. ఇవి ఎక్కువగా ఉర్దూలో, అదీ గొలుసుకట్టు షికస్తా రాతలో ఉంటయి. అచ్చు ఉర్దూ చదివేటోళ్లకు ఆ రాత అందదు, పాత దస్తావేజులు చదివిన అనుభవమున్న పెద్దమనిషిని పట్టుకో. ఊహించి చెప్పొద్దనీ, అనుమానమున్న అక్షరం కింద గీత పెట్టమనీ ముందే చెప్పు. మాట మధ్యలో వచ్చే న, బ, త, య అక్షరాలకు తేడా అంతా చుక్కల్లోనే ఉంటది. రాసినాయన తొందరలో చుక్క పెట్టకపోయినా, కాగితం మీద అది చెరిగిపోయినా నాలుగూ ఒకే తీరుగా కనపడతయి. పేరు మారిపోయేది అక్కడనే.

తేదీలు ఇంకా జాగ్రత్త. నిజాం కాలంలో ఫసలీ (రెవెన్యూ లెక్కల) ఏడాది ఆజూర్ నెలతో, అంటే అక్టోబర్ 6 ప్రాంతంలో మొదలయ్యేది. ఇంగ్లీషు ఏడాది కావాలంటే ఆజూర్, దై నెలలైతే ఫసలీకి 590 కలుపు, ఇస్ఫందార్ నుంచి ఆబాన్ దాకా 591 కలుపు. బహ్మన్ నడుమ జనవరి వస్తది కాబట్టి ఆ నెలకు రోజు కూడా చూడాలె. 1350 ఆజూర్ అంటే 1940 అక్టోబర్, 1350 ఖుర్దాద్ అంటే 1941 ఏప్రిల్. కాగితం మీద ఫసలీ అని ఉందా, హిజ్రీ అని ఉందా చూడకుండా లెక్క కట్టకు. 1360 హిజ్రీ అంటే 1941, 1360 ఫసలీ అంటే 1950-51. ఈ ఒక్క పొరపాటుతో మనిషి ఒక యుద్ధంలోంచి బయటపడిపోతడు.

ఇగ నక్షా. మీ ఊరు ఇయ్యాల ఏ జిల్లాలో ఉన్నదో కాసేపు మర్చిపో. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. అంతకుముందు 2016 విభజన, 1985లో మండలాలు, 1953లో ఖమ్మం జిల్లా. 1905కు ముందైతే కరీంనగర్‌కు ఎల్గందల్ జిల్లా అని పేరు. 1942 పల్టన్ కాగితంలో "వరంగల్ జిల్లా" అని ఉంటే ఆ ఊరు ఇల్లందు దిక్కుదో మధిర దిక్కుదో కూడా కావచ్చు. వెంకటాపూర్లు, రాంపూర్లు ప్రతి తాలూకాలో ఉంటయి. 1951, 1961 జనాభా లెక్కల జిల్లా హ్యాండ్‌బుక్‌లు సెన్సస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతయి. వాటిలో తాలూకావారీగా ఊర్ల పట్టీ ఉంటది. అదే పేరున్న ఊర్లన్నీ ముందు రాసిపెట్టుకో.

తర్వాత సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల మైలుకు అంగుళం షీట్లు. షీటు నంబర్లు చూస్తే వరంగల్ 56 ఓ/9లో, హనుమకొండ 56 ఎన్/12లో పడతయి, ఎందుకంటే 18 డిగ్రీల అక్షాంశం రెండింటి మధ్యనుంచే పోతది. కరీంనగర్ 56 ఎన్‌లో, నిజామాబాద్ 56 జేలో, ఆదిలాబాద్ 56 ఐలో చూడు. షీటు అంచున రెండు ఏడాదులుంటయి, సర్వే చేసినది ఒకటి, అచ్చు వేసినది ఒకటి. నీకు కావాల్సింది సర్వే చేసిన ఏడాది. అచ్చు ఏడాది నమ్మితే ఎప్పుడో లేచిపోయిన గూడెం అప్పటికీ ఉన్నదనుకుంటవు. అంచు చిరిగిపోతే రైలు పట్టాలు చూడు. కాజీపేట–బల్లార్షా మార్గం 1929కల్లా పూర్తయింది, అది గీయని షీటు సర్వే అంతకు ముందుదే. మానేరు డ్యాం కిందనో ఎల్లంపల్లి కిందనో మునిగిన ఊర్లు, సింగరేణి గనులకు ఖాళీ చేసిన ఊర్లు, రెవెన్యూ లెక్కల్లో బేచిరాగ్ (మనుషుల్లేని ఊరు) అని రాసినవి ఈ షీట్లలోనే మిగిలినయి.

పాత షీటును క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో పెట్టి ఉపగ్రహ చిత్రం మీద పరిచేటప్పుడు మూలల అంకెలు మాత్రమే నమ్మకు. చాలా పాత షీట్లలో రేఖాంశం రెండు మూడు నిమిషాలు తేడా ఉంటది, సవరణ ఎంతో అంచున చిన్న అక్షరాల్లో రాసి ఉంటది. మన దగ్గర ఒక నిమిషం రేఖాంశం అంటే సుమారు 1.76 కిలోమీటర్లు, పక్క ఊరికి పోయినట్టే. మార్పు లేని గుర్తులు ఆరేడు, షీటంతా పరుచుకునేటట్టు పట్టుకో. చెరువు కట్ట రెండు చివరలు, గుట్ట మీది ట్రిగ్ పాయింటు (సర్వేవాళ్లు పెట్టిన గుర్తు), గుడి పనికొస్తయి. వాగు మాత్రం వద్దు, వాగు దారి మారుతది.

ఊరు దొరికినాక పల్టన్. ఇక్కడ పేరు చూసి మోసపోయేటోళ్లే ఎక్కువ. "19వ హైదరాబాద్ రెజిమెంట్" నిజాం సైన్యం కాదు. అది బ్రిటిష్ ఇండియా సైన్యంలోది, మనుషులు ఎక్కువగా ఉత్తరాదివాళ్లు, 1945లో కుమావూన్ రెజిమెంట్ అయింది. నిజాం సొంత పల్టన్లు హైదరాబాద్ స్టేట్ ఫోర్సెస్ పేరుతో ఉంటయి. వాటిలో 1వ హైదరాబాద్ ఇన్‌ఫంట్రీ 1941 డిసెంబర్‌లో మలయాలోని కోటా బారు విమానాశ్రయం దగ్గర ఉన్నది. బ్రిటిష్ సైన్యంలో చేరిన తెలుగువాళ్లను మద్రాస్ రెజిమెంట్, మద్రాస్ సాపర్లు (సైన్యంలోని ఇంజనీరింగ్ దళం), పయనీర్ కోర్ (సైన్యానికి పనిచేసే దళం)లలో వెతకాలె. మద్రాస్ రెజిమెంట్ రెగ్యులర్ పదాతి పల్టన్లు రద్దయి మళ్లీ 1941-42లో లేచినయి, కాబట్టి 1930లలో చేరినాడంటే ముందు సాపర్లు చూడు. కూలి దళంలో పోయినోళ్లను కూడా ఇంట్లో మిలటరీ అనే అంటరు, అది కొట్టిపారేయకు.

ఇంట్లో పతకం గనుక బయటపడితే తోమకు. పక్కనుంచి టార్చి వెలుగు పడేటట్టు పట్టుకుని అంచు చుట్టూ చూడు. భారత సైనికుల పతకాల మీద నంబరు, హోదా, పేరు, పల్టన్ పేరుకు పొట్టి అక్షరాలు చాలావాటికి చెక్కి ఉంటయి. చింతపండు పెట్టి తోమి తోమి వాటిని అరగదీసినోళ్లు మన ఊర్లలో ఎందరో.

యుద్ధంలో పోయినాడంటే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్ చూడు. 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, 1939 సెప్టెంబర్ 3 నుంచి 1947 డిసెంబర్ 31 వరకు చనిపోయినవాళ్లే అందులో ఉంటరు, బతికి వచ్చినోళ్లు దొరకరు. పేరుతో కాదు, పల్టన్‌తో, తేదీతో జల్లెడ పట్టు, తర్వాత అదనపు వివరాల్లో తండ్రి పేరు, ఊరు చూడు. నర్సయ్యను గుమస్తాలు ఇంగ్లీషులో నాలుగైదు తీర్లుగా రాసినరు. మలయా, సింగపూర్‌లలో సమాధి తెలియనివాళ్ల పేర్లు క్రాంజీలోని సింగపూర్ స్మారకం మీద, బర్మావి తౌక్యాన్‌లోని రంగూన్ స్మారకం మీద ఉంటయి.

బతికి వచ్చినాడంటే రికార్డు ఆఫీసుకు ఉత్తరమే దారి. మద్రాస్ రెజిమెంట్‌కు నీలగిరుల్లోని వెల్లింగ్టన్, సాపర్లకు బెంగళూరు. నిజాం ప్రభుత్వ ఫైళ్లకు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పోవాలె. ఉత్తరంలో నంబరు, పేరు, తండ్రి పేరు, అప్పటి తాలూకాతో సహా ఊరు, చేరిన ఏడాది అంచనా రాయి. నువ్వు వారసుడివని చూపే కాగితాల నకళ్లు జతచెయ్యి. నంబరు లేకపోతే ముందు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడుగు, ముత్తవ్వకు పింఛను వచ్చి ఉంటే ఆ పింఛను ఆర్డరు మీద నంబరు ఉంటది. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకో. రెండు నెలల్లో జవాబు రాకపోతే మొదటి ఉత్తరం తేదీ వేసి అదే మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
మీ పెద్దనాయన