రిమాండ్‌లో ఉన్న వదినకు ఏమేం పంపొచ్చు?

అక్కా, చంచల్‌గూడ మహిళా జైలుకు రిమాండ్‌లో వెళ్లిన మీ వదినకు ఇంటి బట్టలు ఇవ్వొచ్చా అని అడిగారు. ఇవ్వొచ్చు. శిక్ష పడనివాళ్లు సొంత బట్టలు, పక్కబట్టలు తెప్పించుకోవచ్చని 1894 జైళ్ల చట్టం 31వ సెక్షన్‌లోనే ఉంది. తనిఖీ మాత్రం తప్పదు. మా పిన్నికి తీసుకెళ్లినప్పుడు చీర మడతలన్నీ విప్పి, దులిపి చూశారు. అందుకే మూడు నాలుగు జతల నూలు బట్టలు, లోదుస్తులు, తువ్వాలు చాలు. ప్యాడ్స్ జైల్లో ఇవ్వాలి, అయినా ఒక ప్యాకెట్ పెట్టండి, తీసుకుంటారేమో గేటు దగ్గర అడగండి. అన్నిటికన్నా ముఖ్యం మందులు. బీపీ మాత్రలు వాడుతుంటే చీటీతో సహా జైలు డాక్టరుకు అందేలా చూడండి, ఒక్కరోజు కూడా ఆలస్యం చేయొద్దు. మీ వదిన పాప గురించి టెన్షన్ పడకండి. ఆరేళ్లు వచ్చేదాకా తల్లి దగ్గర ఉండొచ్చని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది.