రోజుకు 70 కిలోమీటర్లు తిరిగే కారుకు ఈఎంఐ ఒక్కటే ఖర్చు కాదు

ప్రశ్న: మేం విజయవాడలో ఉంటాం. నాకు గుంటూరులో ఉద్యోగం. బైక్ మీద రానుపోను రోజుకు 70 కిలోమీటర్లు. నడుం నొప్పి వల్ల కారు తీసుకోవాలనుకుంటున్నాను. చేతికొచ్చే జీతం రూ.58 వేలు, దాచుకున్నది రూ.3 లక్షలు. వేగన్ఆర్ 1.2 ఆటోమేటిక్ టెస్ట్ డ్రైవ్ చేశాను, నచ్చింది. ఆన్‌రోడ్ ధర రూ.7.3 లక్షలు. లక్ష కడితే మిగతాది ఏడేళ్ల లోన్ ఇస్తామంటున్నారు. తీసుకోమంటారా?

జవాబు: కారు తీసుకోండి. నడుం నొప్పితో హైవే మీద రోజూ అంత దూరం బైక్ తొక్కడం మంచిది కాదు. అయితే ఈ లోన్ వద్దు. ఈ బండే కావాలా అన్నదీ ఇంకోసారి ఆలోచించండి.

వేగన్ఆర్ మీకు ఎందుకు నచ్చిందో అర్థమవుతోంది. సీటు ఎత్తుగా ఉంటుంది, పెద్దవాళ్లు కూడా వంగకుండా ఎక్కి దిగుతారు. స్టీరింగ్ తేలిక. బెంజ్ సర్కిల్ దగ్గర నత్తనడకన కదిలేటప్పుడు క్లచ్ లేకపోవడం పెద్ద సుఖం. కానీ మీ ప్రయాణంలో ఎక్కువ భాగం హైవే. అక్కడ లారీని దాటాలని గట్టిగా తొక్కితే ఇందులోని ఏఎంటీ (మామూలు గేర్లనే మన బదులు యంత్రం మార్చే ఆటోమేటిక్) గేరు మార్చడానికి ఒక క్షణం ఆగుతుంది. ఆ క్షణాన్ని లెక్కలో పెట్టుకునే ఓవర్‌టేక్ చేయాలి. ఇంజిన్ మాత్రం మీరు ఎంచుకున్న 1.2 లీటర్లదే సరైనది. నలుగురు ఎక్కి ఏసీ వేస్తే 1.0 బాగా బరువుగా లాగుతుంది.

ఇంకో మాట దాచలేను. 2023లో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ వేగన్ఆర్‌కు పెద్దల రక్షణలో ఐదింటికి ఒక్క స్టారే ఇచ్చింది. అప్పుడు పరీక్షించిన బండికి రెండు ఎయిర్‌బ్యాగులే. ఇప్పుడు ఆరు ఇస్తున్నారు, అది మంచి మార్పే. అయినా రోజూ ఎన్‌హెచ్-16 ఎక్కే మనిషి ఈ సంగతి తెలుసుకునే కొనాలి.

ఇక డబ్బు. మీరు ఈఎంఐ ఒక్కటే చూస్తున్నారు. నెలకు 24 రోజులు వెళ్తే 1,680 కిలోమీటర్లు. లీటరుకు 18 ఇచ్చినా, పెట్రోలు రూ.109 అనుకుంటే నెలకు రూ.10 వేలు దాటుతుంది, అంటే ఇంకో ఈఎంఐ అన్నమాట! ఇన్సూరెన్స్, సర్వీసు, టైర్లకు నెలకు రూ.2,500 పక్కన పెట్టాలి. దారిలో కాజ టోల్ ఉండనే ఉంది. 2025 ఆగస్టు 15న రూ.3,000తో మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాస్‌లో 200 ట్రిప్పులే ఉంటాయి. రానుపోను కలిపి మీకు నాలుగు నెలల్లో అయిపోతుంది. ఏడాదికి మూడు పాసులు కావాలి.

అందుకే సీఎన్‌జీ చూడమంటున్నాను. కిలోకు 24 కిలోమీటర్లు, ధర రూ.95 అనుకుంటే నెలకు రూ.6,650. అంటే రూ.3,500 మిగులు. బండికి లక్ష ఎక్కువ పెట్టినా రెండున్నరేళ్లలోపే తిరిగొస్తుంది. వేగన్ఆర్ సీఎన్‌జీలో ఆటోమేటిక్ లేదు, డిక్కీని కూడా సిలిండరే ఆక్రమిస్తుంది. టాటా టియాగో సీఎన్‌జీలో 2024 నుంచి ఏఎంటీ ఉంది, రెండు చిన్న గ్యాస్ సిలిండర్లు డిక్కీ అడుగున పెట్టడం వల్ల సామానుకు చోటు మిగులుతుంది. మూడు సిలిండర్ల ఇంజిన్ కాబట్టి కాస్త శబ్దం, అదురు తెలుస్తాయి. సీటు కూడా కిందికి ఉంటుంది, మీ నడుముకు సరిపడుతుందో లేదో కూర్చునే తేల్చుకోవాలి. మీ దారిలో ఏ బంకులో గ్యాస్ దొరుకుతుందో, క్యూ ఎంత ఉంటుందో కూడా కనుక్కోండి.

లోన్ సంగతి. రూ.6.3 లక్షలు, 9 శాతం, ఏడేళ్లు: ఈఎంఐ రూ.10,136, వడ్డీ దాదాపు రూ.2.21 లక్షలు. అదే రెండు లక్షలు కట్టి రూ.5.3 లక్షలు ఐదేళ్లకు తీసుకుంటే ఈఎంఐ రూ.11,002, వడ్డీ రూ.1.30 లక్షలు. నెలకు తొమ్మిది వందలు ఎక్కువ కడితే రూ.91 వేల వడ్డీ తప్పుతుంది.

ఇప్పుడే రెండు లక్షలు తీసేస్తే మీ దగ్గర లక్షే మిగులుతుంది, ఆసుపత్రి ఖర్చు వస్తే అది చాలదు. కాబట్టి ఆరు నెలలు ఆగండి. నెలకు రూ.20 వేలు ఆర్‌డీలో వేయండి. ఇంటి ఖర్చుకు ఇబ్బంది లేకుండా అది సాగితే కారు ఖర్చునూ మోయగలరు, అప్పటికి చేతిలో మరో రూ.1.2 లక్షలు ఉంటాయి. సాగకపోతే తక్కువ ధర బండి చూద్దాం, మళ్లీ రాయండి.

ఈలోగా రెండు కార్లనూ ఇంటిల్లిపాదీ ఎక్కి, ఏసీ వేసుకుని, కృష్ణ మీది వారధి దాటి కాజ దాకా నడిపి చూడండి. షోరూమ్ వీధి చుట్టూ తిప్పితే సరిపోదు.