ఎక్స్‌టెన్షన్ పేరులో 'క్రోమ్', 'వ్యాకరణం' అని పెట్టవచ్చునా?

ప్రశ్న: బ్రౌజర్‌లో తెలుగు టైపు చేసేటప్పుడు ప్రతి పదాన్ని ఒక పదాల పట్టికతో పోల్చి, అందులో లేని పదం కింద ఎర్రగీత గీసే ఎక్స్‌టెన్షన్‌ను (బ్రౌజర్‌కు అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రామును) తయారు చేశాను. క్రోమ్‌లోనే కాక ఎడ్జ్, బ్రేవ్ బ్రౌజర్లలోనూ పనిచేస్తోంది. 'క్రోమ్ తెలుగు వ్యాకరణం' అని పేరు పెడితే వెతికేవారికి తేలికగా దొరుకుతుందని మిత్రులు అంటున్నారు. మొదటి నెల ఉచితంగా ఇచ్చి, తరువాత ఏడాదికి కొంత రుసుము తీసుకుందామనుకుంటున్నాను. చట్టపరంగా చిక్కులేమైనా వస్తాయా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మీరు అనుకుంటున్న పేరులో 'తెలుగు' అన్న మాటకు తప్ప మిగిలిన రెండింటికీ అభ్యంతరం ఉంది.

ముందుగా 'వ్యాకరణం' సంగతి చూద్దాం. ఎవరైనా 'విధ్యార్థి' అని రాస్తే మీ ఎక్స్‌టెన్షన్ పట్టుకుంటుంది. 'పిల్లలు వచ్చింది' అని రాస్తే రెండు పదాలూ పట్టికలో ఉంటాయి కాబట్టి గీత పడదు. అంటే అది చూసేది అక్షర దోషాలను మాత్రమే. లేని గుణాన్ని పేరులో చెప్పి రుసుము తీసుకుంటే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటన అనే ఫిర్యాదుకు ఆస్కారం ఇచ్చినట్లే. 1999 ట్రేడ్ మార్కుల చట్టంలోని 103వ సెక్షన్ తప్పుడు వాణిజ్య వర్ణనను నేరంగానే పరిగణిస్తుంది. మోసగించే ఉద్దేశం లేదని నిరూపించుకునే భారం మీ మీదే పడుతుంది. అందువల్ల 'అక్షరదోష సూచిక' వంటి మాట వాడండి. అది చిన్న మాటగా మీకు అనిపించవచ్చు, కానీ కొన్నవాడికి దొరికేది అదే.

'క్రోమ్' విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి. అది గూగుల్ సంస్థ ట్రేడ్ మార్కు. ఒకరి సరుకుకు అనుబంధంగా పనిచేసే వస్తువును తయారుచేసినవారు, ఆ సంగతి తెలియజేయడానికి సహేతుకంగా అవసరమైనంత మేరకు, ఇద్దరి మధ్య లేని వ్యాపార సంబంధం ఉన్నట్లు తోచనీయకుండా, ఆ మార్కును ప్రస్తావించవచ్చునని ట్రేడ్ మార్కుల చట్టంలోని 30(2)(డి) సెక్షన్ అనుమతిస్తుంది. ఈ 'అవసరం' అన్న మాటకు హద్దు ఎక్కడో హాకిన్స్ కుక్కర్స్, మురుగన్ ఎంటర్‌ప్రైజెస్ మధ్య దావాలో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం 2012లో ఇచ్చిన తీర్పు చూపుతుంది. కుక్కరు గాస్కెట్ల ప్యాకెట్ మీద 'హాకిన్స్ ప్రెషర్ కుక్కర్లకు సరిపోతుంది' అనే అర్థం వచ్చే వాక్యాన్ని అచ్చువేసి, అందులో 'హాకిన్స్' ఒక్కదాన్ని ఎర్రసిరాతోనూ, మిగిలిన మాటలను నల్లసిరాతోనూ వేశారు. ఆ గాస్కెట్లు ఇతర కంపెనీల కుక్కర్లకూ సరిపోయేవే కాబట్టి ఒక్క హాకిన్స్ పేరే చెప్పవలసిన అవసరం లేదని ధర్మాసనం తేల్చింది.

మీ ఎక్స్‌టెన్షన్ ఎడ్జ్‌లోనూ బ్రేవ్‌లోనూ నడుస్తోందని మీరే రాశారు. కాబట్టి మీ పరిస్థితి ఆ గాస్కెట్‌కు చాలా దగ్గరగా ఉంది. పేరు మొదట్లోనే 'క్రోమ్' అని పెడితే అది గూగుల్ వారే తయారు చేసినదని చూసేవారు అనుకుంటారు. పేరులోంచి ఆ మాట తీసేసి, కింది వివరణలో 'క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్ బ్రౌజర్లలో పనిచేస్తుంది. ఆ సంస్థలతో మాకు సంబంధం లేదు' అని ఒకే సైజు అక్షరాలతో రాయండి. వారి లోగోలు, రంగులు వాడవద్దు.

ఇక 'తెలుగు అక్షరదోష సూచిక' అని మాత్రమే పెడితే ఎవరూ ఆక్షేపించరు కానీ, సరుకు గుణాన్ని వర్ణించే మాటలే ఉన్న పేరు, వాడుక వల్ల ప్రత్యేకత సంపాదించుకుంటే తప్ప, అదే చట్టంలోని 9(1)(బి) సెక్షన్ ప్రకారం రిజిస్టరు కాదు. రేపు మరొకరు అదే పేరు పెట్టుకున్నా ఆపడం కష్టం. కాబట్టి మీరు సొంతంగా కల్పించిన ఒక మాటను ముందుంచి, ఈ వర్ణనను దాని వెనుక చేర్చండి. ఆ కల్పించిన మాటను ట్రేడ్ మార్కుల రిజిస్ట్రీ వెబ్‌సైటులో 9, 42 తరగతుల్లో (సరుకులనూ సేవలనూ విభజించిన వర్గాల్లో సాఫ్ట్‌వేర్‌కు సంబంధించినవి) వెతికి, పోలిక ఉన్నవి లేకపోతే 9వ తరగతిలో దరఖాస్తు చేయండి. వ్యక్తులకు ఆన్‌లైన్ రుసుము తరగతికి 4,500 రూపాయలు. రిజిస్ట్రేషన్ 10 సంవత్సరాలు అమల్లో ఉంటుంది, తరువాత పునరుద్ధరించుకోవచ్చు. ఇంకా విడుదల చేయకపోయినా 'వాడబోతున్నాను' అని దరఖాస్తు చేసే వీలు 18వ సెక్షన్ కల్పిస్తోంది. వాక్య దోషాలను కూడా పట్టే వెర్షన్ నిజంగా సిద్ధమైన రోజున 'వ్యాకరణం' అన్న మాట చేర్చుకోవచ్చు. ముందున్న మాట మారదు కాబట్టి మీ రిజిస్ట్రేషన్‌కు ఇబ్బంది ఉండదు.