ఆమె ఎంచుకున్న కథల వెంట నడువు

చిరంజీవికి,

ఆశీస్సులు. కెమిల్లా జార్జ్ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం అందింది. తెలుగులో జాజ్ సంగీతం గురించి రాసేవాళ్లే తక్కువ. అలాంటిది, నైజీరియాలో పుట్టి లండన్‌లో ఆల్టో శాక్సఫోన్ వాయిస్తున్న కళాకారిణి గురించి రాయాలని నీకు తోచడమే నాకు ఎంతో సంతోషం కలిగించింది. ఆ సంతోషంతోనే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

నీ వ్యాసం ఆమె పుట్టిన ఎకెట్ పట్టణంలో మొదలైంది. అక్కడి నుంచి లండన్, చదువు, బృందం, మూడు ఆల్బమ్‌లు, పత్రికల ప్రశంసలు, ఇలా వరుసగా నడిచి ఆగిపోయింది. ఈ వివరాల్లో తప్పులు లేవు. కానీ ఉద్యోగానికి పంపే దరఖాస్తులో కూడా ఇవే వివరాలుంటాయి. మనిషి కనపడాలంటే ఇంకొకటి అడగాలి: ఇంతమంది జాజ్ కళాకారులు ఉండగా, ఈమె ఏ కథలను వాయించడానికి ఎంచుకుంది? ఎందుకు ఆ వరుసలో ఎంచుకుంది? నీ వ్యాసం మొత్తం ఈ ప్రశ్న మీద నిలబడాలని నా కోరిక.

నువ్వు ఒక్క వాక్యంతో దాటేసిన రెండో ఆల్బమ్‌నే చూడు. 2018లో వచ్చిన ఆ 'ది పీపుల్ కుడ్ ఫ్లై' పేరు ఒక పుస్తకానిది. అమెరికాలో నల్లజాతి బానిసలు చెప్పుకున్న జానపద కథలను రచయిత్రి వర్జీనియా హ్యామిల్టన్ తిరిగి చెప్పి, 1985లో ఆ పేరుతో ప్రచురించింది. కెమిల్లాకు చిన్నప్పుడు తల్లి ఆ కథలు చదివి వినిపించేది. ఆ కథల పేర్లనే ఆమె తన బాణీలకు పెట్టుకుంది. మాటకారితనంతో యజమానిని ఓడించి స్వేచ్ఛ సంపాదించుకున్న నెహెమయా కథ కూడా వాటిలో ఉంది. పుస్తకానికి తన పేరు ఇచ్చిన కథ వేరు. పొలంలో సారా అనే తల్లి బిడ్డను వీపున కట్టుకుని పని చేస్తుంటుంది. బిడ్డ ఏడుస్తుంది, కొరడా దెబ్బ పడుతుంది. టోబీ అనే ముసలివాడు ఆఫ్రికా నుంచి వచ్చిన, అందరూ మరిచిపోయిన మంత్రం లాంటి మాటలు ఆమెకు చెబుతాడు. సారా బిడ్డతో సహా నేల మీంచి లేచి, చేల మీదుగా, కంచెల మీదుగా ఎగిరిపోతుంది. ఆ తర్వాత మరికొందరు ఎగిరిపోతారు. ఎగరడం రానివాళ్లు అక్కడే మిగిలిపోతారు. ఈ కథ మనదాకా వచ్చింది ఆ మిగిలిపోయినవాళ్ల నోటి నుంచే. విముక్తి కథ అని నువ్వు ఒక్క మాటలో తేల్చేశావు కదా, అందులో ఉన్న ఈ బాధ నీ వ్యాసంలోకి రాలేదు.

ఇంకొంచెం ముందుకు వెళ్లు. ఎగిరిపోయిన ఆఫ్రికన్ల కథలు అమెరికా తీరంలో చాలాచోట్ల ఉన్నాయి. వాటికి సంబంధించి తరచూ గుర్తు చేసుకునే ఘటన 1803లో జార్జియా రాష్ట్రం సెయింట్ సైమన్స్ దీవిలో జరిగింది. నేటి నైజీరియా ప్రాంతం నుంచి ఓడలో తెచ్చిన ఇగ్బో జాతి బందీలు తిరగబడి, కాపలావాళ్లను నీళ్లలోకి నెట్టేశారు. ఒడ్డుకు చేరాక, బానిసలుగా బతకడానికి ఒప్పుకోక, డన్‌బార్ వాగులోకి నడుచుకుంటూ వెళ్లారు. మునిగి చనిపోయారని కాగితాల్లో ఉంది. రెక్కలు వచ్చి సొంత దేశానికి ఎగిరిపోయారని ఆ ప్రాంతపు నల్లజాతి జనం తరతరాలుగా చెప్పుకున్నారు. ఇగ్బోల నేలను ఆనుకునే ఇబిబియో అనే మరో జాతి వాళ్ల నేల ఉంది. కెమిల్లా పుట్టిన ఎకెట్ అక్కడిదే, నేటి అక్వా ఇబోమ్ రాష్ట్రంలోది. అంటే అట్లాంటిక్ దాటి బందీలుగా వెళ్లినవాళ్లతో పాటు వెళ్లిన ఒక నమ్మకం, అక్కడ కథగా మారి, పుస్తకమై, ఆ తీరానికి చెందిన ఒక తల్లి చేతికి వచ్చి, ఆమె కూతురి శాక్సఫోన్‌లోకి చేరింది. చెప్పు, దీనికంటే పెద్ద కథ నీకు ఇంకెక్కడ దొరుకుతుంది?

ఆమె తండ్రి గ్రెనడా దేశస్థుడు, తల్లి నైజీరియన్. నీ వ్యాసంలో ఈ విషయం రెండో పేరాలో, పుట్టుకకు సంబంధించిన వివరంగా మాత్రమే ఉంది. గ్రెనడా కరీబియన్ దీవి. చెరకు తోటల్లో చాకిరీ కోసం ఆఫ్రికన్లను ఓడల్లో దింపిన చోటు. తల్లి ఊరు, మనుషుల్ని ఓడలెక్కించిన తీరానికి దగ్గరిది. ఒకే ఇంట్లో ఆ ప్రయాణపు రెండు కొసలూ ఉన్నాయి. ఈ సంగతి పాఠకుడికి తెలియాల్సింది రెండో పేరాలో కాదు. 'ది పీపుల్ కుడ్ ఫ్లై' గురించి చెప్పిన తర్వాత చెప్పు. అప్పుడు దాని బరువు తెలుస్తుంది.

2017లో వచ్చిన మొదటి ఆల్బమ్ పేరు 'ఇసాంగ్', అంటే ప్రయాణం. దాని తర్వాత సముద్రానికి అవతలి ఒడ్డున పుట్టిన కథలు. 2022లో 'ఇబియో-ఇబియో'. మూడోది పూర్తిగా ఇబిబియో ప్రజలకు అంకితం. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆమె ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ పోతోందని నాకు అనిపిస్తుంది. ఓడ దిగిన చోటు నుంచి ఓడ ఎక్కిన చోటుకు, అక్కడి నుంచి ఓడలు రాకముందు ఉన్న దేవుళ్ల దగ్గరకు. మూడో ఆల్బమ్‌లో సృష్టి కథ ఉంది. అబాసి సృష్టికర్త, అతాయి అతని భార్య. మనుషులు భూమ్మీద ఉండడానికి భర్తను ఒప్పించింది అతాయే. వాళ్లు మాట తప్పినప్పుడు భూమి మీదకు చావును పంపిందీ ఆమే.

అదే ఆల్బమ్‌లో అరోచుక్వు బానిస మార్గం మీద కట్టిన బాణీ ఉంది. నా దృష్టిలో ఆమె చేసిన పనిలో అన్నిటికంటే ధైర్యమైనది ఇదే. అరోచుక్వు నేటి అబియా రాష్ట్రంలో ఉంది, ఇగ్బో, ఇబిబియో ప్రాంతాలు కలిసే చోట. అక్కడ ఇబిని ఉక్పాబి అనే దేవత గుహ ఉండేది. బ్రిటిష్ వాళ్లు దాన్ని 'లాంగ్ జుజు' అని పిలిచారు. తగవులు తేల్చుకోవడానికి చుట్టుపక్కల ప్రాంతాల వాళ్లు అక్కడికి వచ్చేవారు. దోషి అని తేలిన మనిషి గుహలోకి వెళ్లి తిరిగి వచ్చేవాడు కాదు. దేవత మింగేసిందని బంధువులు నమ్మేవాళ్లు. నిజానికి ఆ మనిషిని రెండో దారిన బయటకు తీసి, తీరానికి నడిపించి, అమ్మేసేవారు. 1901-02లో బ్రిటిష్ సైన్యం దాడి చేసి ఆ ఆలయాన్ని ధ్వంసం చేసింది. బానిస వ్యాపారాన్ని అంతం చేయడానికే అని చెప్పుకున్నా, లోపలి ప్రాంతాల మీద అధికారం, వర్తకం కూడా వాళ్ల లెక్కలో ఉన్నాయి. తన సొంత నేల వైభవాన్ని కీర్తించే ఆల్బమ్‌లో, ఆ నేల మీదే మనిషి మనిషిని అమ్ముకున్న దారికి కూడా ఆమె చోటు ఇచ్చింది. నీ వ్యాసంలో 'తన మూలాలను గర్వంగా చాటింది' అని రాశావు. గర్వం ఒక్కటే అయితే అరోచుక్వు ఆ ఆల్బమ్‌లో ఉండదు. ఆ వాక్యం కొట్టేసి, ఈ దారి గురించి ఒక పేరా రాయి.

ఇక గురువుల సంగతి. దీన్ని త్వరగా చెప్పవచ్చు, కానీ వదిలేయకూడదు. 11 ఏళ్ల వయసులో శాక్సఫోన్ పట్టిన అమ్మాయి తనంతట తాను కళాకారిణి అయిపోలేదు. గ్యారీ క్రాస్బీ అనే డబుల్ బేస్ విద్వాంసుడు, జనీన్ ఐరన్స్‌తో కలిసి 1991లో లండన్‌లో 'టుమారోస్ వారియర్స్' స్థాపించారు. జాజ్‌లో చోటు దొరకని పిల్లలకు, ముఖ్యంగా నల్లజాతి పిల్లలకు, అమ్మాయిలకు, ఫీజు లేకుండా నేర్పే సంస్థ అది. షబాకా హచింగ్స్, నుబాయా గార్సియా, మోజెస్ బాయిడ్ అందరూ అక్కడి నుంచి వచ్చినవాళ్లే. కెమిల్లా కూడా. క్రాస్బీకి 2018లో బ్రిటన్ రాణి పేరిట ఇచ్చే సంగీత పురస్కారం, క్వీన్స్ మెడల్ ఫర్ మ్యూజిక్ ఇచ్చారు. ఒక మనిషి ప్రతిభను ఆకాశం నుంచి ఊడిపడినట్టు రాస్తే ఇలాంటి సంస్థలు కనపడకుండా పోతాయి. డబ్బు లేని ఇంటి పిల్లలకు సంగీతం ఎలా చేరుతుందో చదివేవాళ్లకు తెలియాలి. మన దగ్గర ప్రభుత్వ సంగీత కళాశాలల్లో తక్కువ ఫీజుతో నేర్చుకున్నవాళ్లు దీన్ని వెంటనే అర్థం చేసుకుంటారు.

తర్వాత కెమిల్లా లండన్‌లోని ట్రినిటీ సంగీత కళాశాలలో జాజ్‌లో మాస్టర్స్ చేసింది. వైద్యం చదవడానికని నైజీరియా నుంచి 1958లో లండన్ వెళ్లిన, ఆఫ్రోబీట్ సంగీతానికి ఆద్యుడైన ఫెలా కుటి, సంగీతం వైపు తిరిగి చేరిన కాలేజీ అదే. ఆమె వింటూ పెరిగిన వాళ్లలో ఫెలా ఒకరు. ఈ సంబంధాన్ని రెండు వాక్యాల్లో చెప్పి ముందుకు వెళ్లు. ఫెలా మీదకు వ్యాసం మళ్లితే ఇక వెనక్కి రాదు, అంత పెద్ద మనిషి ఆయన. ఫెమి కొలియోసో విషయంలో కూడా ఇదే జాగ్రత్త. 2014లో ఆమె నాలుగు వాద్యాల బృందం కట్టినప్పుడు పియానో శారా టాండీ, బేస్ డేనియల్ కాసిమిర్, డ్రమ్స్ ఫెమి. అతని సొంత బృందం ఎజ్రా కలెక్టివ్ 2023లో, బ్రిటన్‌లో ఏటా ఒక ఉత్తమ ఆల్బమ్‌కు ఇచ్చే మెర్క్యురీ బహుమతి గెలిచింది. ఒక జాజ్ బృందానికి అది దక్కడం అదే మొదటిసారి. నువ్వు ఆ బహుమతి గురించి ఒక పేరా రాశావు. కెమిల్లా వ్యాసంలో ఫెమికి ఉన్న చోటు వేరు. అతను ఫెలా బృందపు డ్రమ్మర్ టోనీ అలెన్ దగ్గర నేర్చుకున్నాడు. ఆమె బాణీల కింద నడిచే ఆ నైజీరియాలోని లాగోస్ నగరపు నడక ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడానికి అతను కావాలి.

'ఆఫ్రికా లయ ఆమె రక్తంలోనే ఉంది' అన్న వాక్యం మాత్రం దయచేసి తీసెయ్యి. నాకు ఇది చాలా ముఖ్యం. లయ రక్తంలో ఉండదు. గురువు దగ్గర నేర్చుకుంటారు, విని పట్టుకుంటారు, ఏళ్ల తరబడి సాధన చేస్తారు. ఒక జాతి మొత్తానికి సంగీతం పుట్టుకతోనే వస్తుందని అంటే, ఆ మనిషి పడ్డ శ్రమను మనం లాగేసుకున్నట్టే. మొదటిసారి శాక్సఫోన్ చేతికి తీసుకున్నప్పుడు ఆమె కళ్లు చెమర్చాయని రాశావు. అది ఎక్కడా ఆమె చెప్పలేదు. బతికి ఉన్న మనిషి కళ్లలో మనం నీళ్లు పెట్టకూడదు.

సంగీతాన్ని వర్ణించేటప్పుడు మధురం, మంత్రముగ్ధం, హృద్యం వంటి విశేషణాలు వద్దు. ఏం జరుగుతోందో చెప్పు. కృతిలో సాహిత్యం పాడి కల్పనస్వరాల్లోకి వెళ్లినట్టే, జాజ్‌లో కూడా మొదట అందరూ కలిసి బాణీ వాయిస్తారు. తర్వాత ఒక్కొక్కరూ దాని మీద అప్పటికప్పుడు అల్లుతారు, చివరకు బాణీకి తిరిగి వస్తారు. ఈ ఒక్క పోలికతో తెలుగు పాఠకుడు లోపలికి వచ్చేస్తాడు. ఆ తర్వాత ఆమె ఎక్కడ ఆగుతుంది, ఎక్కడ స్వరాన్ని సాగదీస్తుంది, డ్రమ్స్ ఎక్కడ ఆమెను ముందుకు తోస్తాయి, ఇవి రాయి. మాటలు లేని వాద్యంలో సారా ఎగరడం నీకు వినపడిందా, లేదా? వినపడితే ఎక్కడ? ఒకసారి పుస్తకంలోని కథ చదివి, వెంటనే ఆ బాణీ విను. మర్నాడు కథ చదవకుండా విను. రెండుసార్లూ నీకు కలిగిన అనుభవంలో తేడా ఉంటే, అది నీ వ్యాసానికి చాలా విలువైన విషయం.

కద్రి గోపాల్‌నాథ్ గారి ప్రస్తావన ఎందుకు తెచ్చావో నాకు తెలుసు. శాక్సఫోన్ మీద త్యాగరాజ కృతులు విన్న తెలుగు పాఠకుడికి దగ్గరవ్వాలని. ఆయనంటే నాకు అపారమైన గౌరవం. కానీ ఆయన సాధించింది ఒక విదేశీ వాద్యంతో గమకాలు పలికించడం. కెమిల్లా ముందున్న సమస్య అది కాదు. వాద్యం ఒకటే అన్న కారణం ఒక్కదానితో ఇద్దరినీ ఒకే పేరాలో కూర్చోబెడితే ఇద్దరికీ న్యాయం జరగదు. ఆయన గురించి విడిగా రాయి. నేను తప్పకుండా చదువుతాను.

ఈసారి మొత్తం వ్యాసం పంపకు. అరోచుక్వు దారి గురించిన భాగం, సారా కథ గురించిన భాగం, ఈ రెండే రాసి పంపు. ఎకెట్, ఇబిబియో, అరోచుక్వు వంటి పేర్లను ఆ ప్రాంతపు వాళ్లు ఎలా పలుకుతారో వారి మాటల్లోనే విని, ఒకే తీరులో రాయి. నీ దగ్గర హ్యామిల్టన్ పుస్తకం లేకపోతే చెప్పు, నా ప్రతి పోస్టులో పంపుతాను.

ప్రేమతో,
నీ శ్రేయోభిలాషి